కత్తెర పురుగు – గుర్తులు, జీవితచక్రము



దీపమున బడి నశించు శలభమును కవులు మోహమునకు ఉపమానము చేసిరి. రెక్కలు రాకముందు అది చేసిన పని తెలియవలెనన్న మక్కజొన్న చేను చూడవలెను.

కత్తెర పురుగు పుట్టినిల్లు అమెరికా ఖండము. 2016లో ఆఫ్రికాలోను, 2018లో కర్ణాటకములోను కనబడి, ఆ యేటనే తెలంగాణమున ప్రవేశించినది.

తల్లిపురుగు బూడిద కలిసిన గోధుమవన్నెది. మగదాని ముందురెక్క కొనయందు తెల్లని మచ్చ కలదు. ఆడుదానికి అంత స్పష్టమైన గుర్తు లేదు. ఆడుది రాత్రివేళ ఆకుపై 100 నుండి 200 గ్రుడ్లు గుంపుగా పెట్టి, తన నూగుతో కప్పును. వేడి దినములలో 2, 3 నాళ్లకే పిల్లలు వెలువడి ఆకు పచ్చదనమును గీకి తినును. ఎదిగిన పురుగు మొవ్వులో దూరును. రంపపుపొట్టు వంటి రెట్ట అచ్చట పేరుకొనును. నుదుట తలక్రిందులైన ఆంగ్ల ‘వై’ అక్షరము, తోకచెంత చతురస్రముగా నాలుగు నల్లని చుక్కలు దాని ముద్రలు. రెండు మూడు వారములు తిని, నేలలో దిగి నిద్రావస్థ నొంది, వారము పదినాళ్లకు రెక్కలతో లేచును. వేసవిలో నెల తిరుగునప్పటికి మరియొక తరము సిద్ధము.

మొవ్వులో దాగినదానికి మందు సరిగా తగులదు. కావున పైరు మొలచిన నాటినుండి చేను తిరిగి, గ్రుడ్ల గుంపులను చేతితో నలిపివేయుట మేలు. అయినను ఒక్కరి శ్రమ చాలదు. ఈ శలభము ఒక్క రాత్రిలో 100 కిలోమీటర్ల వరకు ఎగురగలదు. జనగామలో విడిచినది మహబూబాబాదులో గ్రుడ్లు పెట్టవచ్చును, భూపాలపల్లికిని చేరవచ్చును. గ్రంథాలయమున చదివినవారు చదువురాని పొరుగు రైతునకు ఈ ముద్రలను చేనిలోనే చూపుదురుగాక!