గెత్సేమనేలో మెలకువగా నుండుట
(శతవార్షికోత్సవ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు పూర్తి చేసికొనిన ఈ సమయమున మన తండ్రులను, తాతలను జ్ఞాపకము చేసికొనుచున్నాము. వారు కట్టిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుకొనుచున్నాము. ఇది తగినదే. అయితే వారు మనకు విడిచిపోయిన ఆస్తి కట్టడములు మాత్రమే కాదు. శ్రమ వచ్చినప్పుడు, రెండు దారులు ఎదుట నిలిచినప్పుడు, ప్రభువు ఏ దారిని నడిచెనో చూచి ఆ దారిని నడచుట వారు నేర్చుకొనిరి. ఆ సంగతిని గూర్చి కొంచెము ధ్యానింతము.

మొదట అరణ్యమునకు వెళ్లుదము. ప్రభువు నలువది దినములు ఉపవాసముండి ఆకలిగొనియుండగా శోధకుడు వచ్చెను. రాళ్లను రొట్టెలుగా చేసికొనుమనెను. రొట్టె చెడ్డది కాదు. ఆకలి పాపము కాదు. అదే ప్రభువు తరువాత అయిదువేల మందికి రొట్టె పంచిపెట్టెను. ఇతరుల ఆకలికి వాడిన శక్తిని తన ఆకలికి వాడుకొనలేదు. మనకు వచ్చు శోధనలలో అనేకములు ఇటువంటివే. అవి చెడ్డవాటివలె కనబడవు, న్యాయమైన అవసరములవలె కనబడును. ఆయన ఇచ్చిన మూడు జవాబులును ద్వితీయోపదేశకాండములోనివే. చిన్ననాట నేర్చిన వాక్యము శోధన దినమున నోటికి వచ్చెను. మన పిల్లలు సండేస్కూలులో కంఠస్థము చేయు వాక్యములను తేలికగా ఎంచకూడదు.

రెండవది, గెత్సేమనే. ఈ మాటకు నూనె గానుగ అని అర్థము. మత్తయి సువార్తలో ఆ ప్రార్థనలను జాగ్రత్తగా చదివినయెడల ఒక సంగతి కనబడును. మొదటిసారి, సాధ్యమైతే ఈ గిన్నె తొలగిపోనిమ్మని అడిగెను. రెండవసారి, ఇది త్రాగక తప్పనియెడల తండ్రి చిత్తమే జరుగనిమ్మనెను. ప్రభువైనను ఒక్క క్షణములో ఆ మాటకు రాలేదు. చెమటోడ్చి, కన్నీళ్లతో, మోకాళ్లమీద వచ్చెను. కాబట్టి కష్టములో నున్న విశ్వాసి "ఇది నాకేల?" అని ఏడ్చినయెడల, వానికి విశ్వాసము లేదని మనము తీర్పు తీర్చరాదు.

ఇంకొక సంగతి కలదు. ప్రభువు ఆ రాత్రి ముగ్గురు శిష్యులను తనతో మెలకువగా నుండుమని వేడుకొనెను. వారు నిద్రపోయిరి.

ఇక్కడ మేము ఒక తప్పు ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక యౌవనస్థుడు సాయంకాలము మా యింటికి వచ్చెను. చదువు ముగిసినది, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టవలెను. కుల ధృవీకరణ పత్రములో ఏమని వ్రాయించవలెనని అతని ప్రశ్న. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రింద షెడ్యూల్డు కులముల హోదా 1956లో సిక్కులందరికి, 1990లో బౌద్ధులకు వర్తించినది, క్రైస్తవులకు వర్తింపలేదు. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైన వారిని మన తెలుగు ప్రాంతములలో బి.సి. 'సి' వర్గములో ఉంచిరి. అతని తండ్రి కూలి మనిషి. ఇంట పెండ్లి కావలసిన చెల్లెండ్రు ఇద్దరు.

మేము వెంటనే, "అబద్ధమాడరాదు" అని చెప్పి, ప్రార్థన చేసి పంపివేసితిమి. చెప్పిన మాట సత్యమే. ఆదివారమునకు ఒక పేరు, కార్యాలయమునకు మరియొక పేరు పెట్టుకొని బ్రదుకుట ప్రభువు మాదిరి కాదు. కాని నెల జీతము చేతికి వచ్చుచున్న మేము, ఆ సత్యము ఖరీదు అంతయు ఆ కుఱ్ఱవాని నెత్తిన మోపి, తలుపు వేసికొని నిద్రపోతిమి. ఆ తరువాత అతడు దేవాలయములో కనబడలేదు. గెత్సేమనేలో నిద్రించిన శిష్యులను గూర్చి ప్రసంగించునప్పుడెల్లను అతని ముఖము మాకు జ్ఞాపకము వచ్చుచున్నది.

ప్రియులారా, సత్యము పలుకుమని మనము ఎవనికి చెప్పుదుమో వాని భారములో మనమును పాలు పుచ్చుకొనవలెను. అతని ఫీజు కట్టుట, అతనికి పని చూపుట, న్యాయము కొరకు అతని పక్షమున నోరు తెరచుట సంఘము పని. పిడికెడు బియ్యము తీసి దేవునికిచ్చిన మన తల్లులకు ఇది తెలియును.

బిషప్ వి. ఎస్. అజరయ్యగారి మాదిరి చూడుడి. వై.ఎం.సి.ఏ.లోని పదవిని విడిచి, తన మాతృభాష కాని తెలుగు నేర్చుకొని, 1909లో దోర్నకల్ వచ్చెను. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘములో ఆ పరిచర్యకు వచ్చిన మొదటి భారతీయుడాయెను. సంఘముల ఐక్యత కొరకు ఎంతో ప్రయాసపడి, 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించెను. దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది 1947 సెప్టెంబరు 27న. ఫలమును కన్నులార చూడకయే ఆయన విత్తెను.

ప్రభువు నిద్రించిన శిష్యులను త్రోసివేయలేదు. లెండి, వెళ్లుదమని వారిని తనతో పిలిచెను. ఆ పిలుపే మాకు ఆదరణ. ఈ రెండవ శతాబ్దపు గుమ్మములో నిలిచిన మనము, ఈ వారమే, మన పాస్టరేటులో ఒంటరిగా గిన్నె పట్టుకొనియున్న ఒక్కని ఇంటికి వెళ్లి, అతనితో ఒక గడియ మెలకువగా కూర్చుందము.

అట్టి కృప దేవుడు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.