మల్లెపాదూ మన ఓటూ



పెరటి తోటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రాజకీయాలు మాత్రం వద్దని కార్యదర్శిగారు చెవిలో చెప్పారు. రెండింటినీ విడదీయడం నావల్ల కాదు, మన్నించాలి.

సర్వీసులో ఉన్నంతకాలం మనల్ని 1964 నాటి ప్రవర్తనా నియమావళి కట్టేసింది. ఓటు వేయవచ్చు, పార్టీలో చేరరాదు, ప్రచారం చేయరాదు. పదవీ విరమణతో ఆ కట్టు తెగింది. తెగగానే కొందరం ఒక్కో పార్టీని భుజాన వేసుకున్నాం. అందులో తప్పులేదు. కాని ముప్పై ఏళ్ళు ఒకే గదిలో పనిచేసిన మిత్రులిద్దరు ఎన్నికలప్పటి మాటపట్టింపుతో ఇప్పుడు మన సమావేశాల్లో చెరోమూల కూర్చుంటున్నారు. నా బాధ అదీ.

మా పెరట్లో బంగినపల్లి అంటు ఉంది. అంటుకట్టిన ముడికి కిందినుంచి చిగుళ్ళు వస్తుంటాయి. పై కొమ్మలకంటే జోరుగా పెరుగుతాయి. చూసినవారు "చెట్టు భలే ఎదిగిందండీ" అంటారు. నిజానికి అవి కింది నాటుమొక్కవి. వదిలేస్తే బలమంతా అవే లాగేసుకుంటాయి. పేరు బంగినపల్లే, కాయ మాత్రం పీచూ పులుపూ. వాటిని గిల్లేసేవాడు చెట్టుకు శత్రువా? తన పార్టీలో అలాంటి చిగురును గిల్లమన్నవాణ్ణి మాత్రం ద్రోహి అంటున్నాం.

మల్లె సంగతీ అంతే. సంక్రాంతికి ముందే ఆకు దూసి కొమ్మ కత్తిరిస్తే వేసవికి విరగబూస్తుంది. ముద్దుచేసి కత్తెర తగలనివ్వని ఇంట్లో తీగ గోడంతా పాకుతుంది, తలలో పెట్టుకుందామంటే నాలుగు పూలుండవు. ఇక పూటపూటా నీళ్ళు గుమ్మరించేవారి కుండీలో వేరే కుళ్ళుతుంది. నాయకులకు పొగడ్తా అలాంటిదే.

కుండీలు మార్చే నాయకుల కోసం 1985లో 52వ రాజ్యాంగ సవరణ వచ్చింది, 2003లో 91వ సవరణతో మరికొంత బిగించారు. అది వాళ్ళ గొడవ.

మన పని చిన్నది. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదని 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో చెప్పింది. రిటైరైనవారు కోర్టుకెక్కి అడిగారు గనుక వచ్చిన తీర్పు అది, ఏ జెండానో మోసినందుకు కాదు. 1993లో అమలుకొచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. పల్లెల్లో స్థిరపడ్డ మనవాళ్ళు ఎందరు వెళ్ళి లెక్కలడిగారు? ఓటర్ల జాబితాలో పోయినవారి పేర్లుంటాయి, 18 నిండిన మనవరాలి పేరుండదు. చేర్చడానికి ఫారం 6, తీయించడానికి ఫారం 7. ఫారాలు నింపడంలో మనల్ని మించినవారెవరు!

ఇద్దరేసి చొప్పున వీధివీధికీ వెళ్ళి జాబితా సరిచూద్దామని నా ప్రతిపాదన. ఆ మిత్రులిద్దర్నీ ఒకే వీధికి వేయవలసిందిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను. మల్లె కొమ్మలు కావలసినవారు సభ తర్వాత నన్ను కలవండి.