ఏది నొక్కినా ఏడుపు ఆగని ఆట



మీలో ఒకరు నన్నడిగారు: "పాస్టర్ గారూ, బాధ గురించి చేసిన వీడియో గేమ్ సరదాగా లేకపోతే ఎవరు ఆడతారు?" అడగాల్సిన ప్రశ్నే.

పోలండ్‌లో తయారైన 'దిస్ వార్ ఆఫ్ మైన్' చూడండి. 2014లో వచ్చింది. అందులో మనం సైనికులం కాదు, ముట్టడిలో చిక్కిన మామూలు మనుషులం. ఆకలి, చలి, మందుల కొరత. అయినా లక్షల మంది ఆడారు. సరదా కోసం కాదు, ఆ మనుషులను వదిలి లేవలేక.

అమెరికాలో గ్రీన్ దంపతులు విశ్వాసులు. వారి కుమారుడు జోయెల్‌కు ఏడాది వయసులో క్యాన్సర్ అని తేలింది. ఐదేళ్లకు, 2014లో చనిపోయాడు. ఆ రోజులే 2016లో 'దట్ డ్రాగన్, క్యాన్సర్' అనే గేమ్‌గా వచ్చాయి. అందులో ఒక రాత్రి ఆసుపత్రి గదిలో బిడ్డ ఏడుస్తుంటాడు. జ్యూస్ పట్టిస్తే కక్కేస్తాడు. ఎత్తుకున్నా ఊరుకోడు. మనం ఏది నొక్కినా ఏడుపు ఆగదు. ఇక తండ్రికి ప్రార్థన ఒక్కటే మిగులుతుంది.

అలాగని అందులో నవ్వు లేదనుకోకండి. బాతులకు మేత వేసేటప్పుడు జోయెల్ నవ్వుతాడు. ఆ నవ్వు బిడ్డది. మనకు విసుగు పుట్టకుండా అతికించింది కాదు.

ఈ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. నిరుడు మన యూత్ వాళ్లు మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయే కార్మికుల మీద నాటిక సిద్ధం చేశారు. "మరీ బరువుగా ఉంది, మధ్యలో కొంచెం కామెడీ పెట్టండి" అన్నది నేనే. అందరూ నవ్వారు. చివరి వరుసలో ఒక తల్లి లేచి బయటికి వెళ్లిపోయింది. ఆమె కొడుకు అలాగే పోయాడని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం నేను ఎవరి నవ్వు కోసం ఎవరి కన్నీళ్లు వాడుకున్నాను?

యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది. మంచి గేమైనా, మంచి నాటికైనా మనల్ని అలా కూర్చోబెట్టగలగాలి.

ఈ సంవత్సరం ఆ నాటిక మళ్లీ వేద్దాం. దానికంటే ముందు ఆ తల్లి ఇంటికి వెళ్దాం. నేను క్షమాపణ అడగాలి. ఆమె ఇష్టపడి తన కొడుకు ఎలా నవ్వేవాడో చెబితే, నాటికలో ఆ నవ్వు పెడదాం.