ఋణవిమోచనము – ఆపద్ధనము
(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు ఈ వేదికపై పెద్దలు పలుమాఱు ప్రసంగించియున్నారు. నేడు నాకొసంగిన విషయము మన యిండ్లలో ప్రతినెలయు తలపునకు వచ్చునదియే. ఇల్లు తనఖాయుంచి బ్యాంకి యొద్ద దెచ్చిన ఋణమును గడువునకు ముందే తీర్చుట యెట్లు? తీర్చుచునే ఆపదకు వలయు ధనమును నిలుపుకొనుట యెట్లు?

ఋణమును శీఘ్రముగా దీర్చుట యుచితమే. లెక్క చూడుడు. 30 లక్షల రూపాయలను సాలునకు నూటికి 8.50 రూపాయల వడ్డీపై 20 సంవత్సరముల గడువునకు దెచ్చినవాడు నెలకు సుమారు 26,035 రూపాయలు చెల్లింపవలెను. మొదటి కంతులో 21,250 రూపాయలు వడ్డీకే పోవును. అసలునకు జేరునది 4,785 రూపాయలు మాత్రమే. గడువు ముగియునప్పటికి వడ్డీయే 32 లక్షలు దాటును. అట్టివాడు మొదటి సంవత్సరాంతమున ఒక లక్ష అదనముగా అసలునకు జమకట్టి, కంతును మార్పక గడువును దగ్గించుకొనెనేని, వడ్డీ రేటు మాఱకున్నచో, సుమారు 18 కంతులు తప్పును. వడ్డీలో మూడున్నర లక్షలకు పైగా మిగులును. వ్యక్తులు మాఱు వడ్డీపై దెచ్చిన గృహఋణమును ముందుగా దీర్చినచో బ్యాంకులు అపరాధ రుసుము గొనరాదని రిజర్వు బ్యాంకు 2012లో నుత్తరువు చేసియున్నది.

అయినను ఉత్సాహవంతులు మఱచు విషయ మొకటి కలదు. అదనముగా గట్టిన సొమ్ము సాధారణముగా గడువు చివరి కంతులను దగ్గించునే కాని, రాబోవు నెల కంతును మాన్పదు. ఈ నెల 5 లక్షలు కట్టినవాడైనను, వచ్చు నెల నుద్యోగము పోయినచో కంతు చెల్లించియే తీరవలెను. బాకీ 90 దినములు దాటెనేని అది మొండిబాకీగా నెంచబడును. పిమ్మట 2002 నాటి సర్ఫేసీ చట్టము ననుసరించి 60 దినముల నోటీసునిచ్చి, దావా వేయకయే యింటిని స్వాధీనపఱచుకొనుటకు బ్యాంకి పూనుకొనవచ్చును. 2020 మార్చిలో దేశమెల్ల మూతపడినప్పుడు కంతులను వాయిదా వేయుటకు రిజర్వు బ్యాంకు అనుమతించెను. ఆ సదుపాయము ఆగస్టు వఱకు సాగెను గాని, వడ్డీ మాత్రము నిలువలేదు.

కావున నా మనవి యిది. ప్రథమమున, ఇంటి వ్యయమును కంతును గలిపి ఆఱు నెలలకు జాలు ధనమును వేఱుగా నుంచుడు. నెలకు 60 వేలు వ్యయమగు కుటుంబమునకు 3,60,000 రూపాయలు కావలెను. వర్తకులకును, వ్యవసాయదారులకును, ఒక్కరి సంపాదనపై నడచు కుటుంబములకును ఇంతకెక్కువయే యుచితము. ఈ ధనమును సేవింగ్సు ఖాతాలోను, కోరినప్పుడు రద్దుచేసికొనదగు ఫిక్సెడు డిపాజిట్టులలోను ఉంచుడు. చేబదుళ్ల క్రింద నీయకుడు, చీటీలలో బెట్టకుడు. ఒక బ్యాంకిలో ఒక్కొక్క డిపాజిట్టుదారునకు 5 లక్షల వఱకు బీమా రక్షణ 2020 నుండి కలదు. ద్వితీయమున, క్రెడిట్టు కార్డు బాకీల వంటి అధిక వడ్డీ ఋణములను దీర్చుడు. ఆ తరువాతనే బోనసుగాని, పంట మిగులుగాని వచ్చినప్పుడెల్ల గృహఋణమునకు జమకట్టుడు.

నిలువధనముపై వచ్చు వడ్డీ ఋణముపై నిచ్చు వడ్డీకంటె తక్కువ గదా, ఇది నష్టము కాదా యని కొందఱందురు. నష్టమే. వడ్డీల భేదము నూటికి రెండు రూపాయలైనచో, పైన జెప్పిన మొత్తముపై సాలునకు 7,200 రూపాయలు. దానిని ఇంటికి బెట్టిన కావలివాని కూలిగా నెంచుడు.

మఱియొక మాట. ఈ లెక్కలు గృహిణులకును దెలిసియుండవలెను. యజమానుడు మంచమునబడిన దినమున ఆపద్ధనమెచ్చట నున్నదో, కంతు ఏ తేదీనో ఎఱుగని యిల్లాలికి ఆ ధనమున్నను లేనట్లే. ఋణము పూర్తిగా దీరిన పిమ్మట 30 దినములలో అసలు దస్తావేజులను బ్యాంకి తిరిగి యీయవలెను. తనవలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయలు పరిహార మీయవలెనను నిబంధన 2023 డిసెంబరు నుండి అమలులో నున్నది. ఆ దస్తావేజులు చేత బడువఱకు ఋణము తీరినదని నిశ్చింత వహింపరాదు.

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలు చెప్పిరి. లెక్కలెఱిగిన మన యువకులు తమ పేటలలోని కుటుంబముల ఋణపత్రములను చదివి, వారికి బోధపఱచు సేవకు బూనుకొందురుగాక యని కోరుచున్నాను.