రక్తబంధము – రాజ్యవిశ్వాసము



బస్తరు సీమ తెలుగువారికి పరాయిది కాదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు అచ్చట రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు ఐతిహ్యము. ఆ అడవుల గుండ ప్రవహించు ఇంద్రావతి గోదావరిలోనే కలియుచున్నది. విదేశమున బంధువులు గల వ్యక్తిని ప్రభుత్వము ఎంతవరకు విశ్వసింపవచ్చునను ప్రశ్నకు, ఆ అడవులలో పనిచేసిన ఒక మహనీయుని జీవితమే చక్కని దృష్టాంతము.

వెరియర్ ఎల్విన్ 1902లో ఇంగ్లండులోని డోవరు పట్టణమున జన్మించెను. తండ్రి బిషప్పు. ఎల్విన్ ఆక్స్‌ఫర్డులో చదివి, 1927లో ఒక క్రైస్తవ సేవాసంఘముతో భారతదేశమునకు వచ్చి, గాంధీజీకి సన్నిహితుడాయెను. అంతట ఆంగ్ల ప్రభుత్వమే ఆయనను శంకించెను. 1932లో స్వదేశమునకు పోయిన ఎల్విన్ మరల భారతదేశమునకు రావలెనన్న, రాజకీయములలో పాల్గొననని వ్రాసి యీయవలసి వచ్చెను. పుట్టుక, మతము, విద్య, బంధువర్గము అన్నియు ఆంగ్లేయములే. ఐనను రక్తబంధము ఆయనకు విశ్వాసపత్రము కాలేదు!

పిదప ఆయన గోండుల నడుమ నివసించెను. బస్తరు సంస్థానమున మారియా, మురియా జనుల జీవనమును పరిశోధించి, 1943లోను 1947లోను రెండు ప్రసిద్ధ గ్రంథములు వెలువరించెను. 1954లో భారత పౌరుడాయెను. ఆ యేడే ఈశాన్య సరిహద్దు ప్రాంతమునకు గిరిజన వ్యవహారముల సలహాదారుగా నియమితుడాయెను. టిబెట్టును ఆనుకొనియున్న ఆ ప్రాంతము అప్పుడు విదేశాంగ శాఖ అధీనమున నుండెను. సోదరి ఇంగ్లండులోనే యుండగా, అంతటి సున్నితమైన స్థానము ఆయనకు లభించెను. ఏలన, ప్రభుత్వము ముందు ఆయన జన్మపత్రిక మాత్రమే కాక, ఇరువదియేడేండ్ల ఆచరణ కూడ నుండెను. 1964లో మరణించువరకు ఆ విశ్వాసము చెక్కుచెదరలేదు.

గోదావరి కీవలి యొడ్డునను ఇట్టి దృష్టాంతమే కలదు. వియన్నాలో జన్మించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1939లో యుద్ధము ఆరంభమైనప్పుడు జర్మను పాస్‌పోర్టు కలిగియున్నందున శత్రుదేశీయుడుగా పరిగణింపబడి, హైదరాబాదు సంస్థానమునకే పరిమితుడు గావింపబడెను. ఆయన ఆ నిర్బంధకాలమును చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను పరిశోధించుటకు వినియోగించెను. 1944లో ఆ ఆంగ్ల ప్రభుత్వమే ఆయనను సుబన్‌సిరి సరిహద్దునకు ప్రత్యేకాధికారిగా పంపెను. శంకించినవారే, మనిషిని ఎరిగిన పిదప, నమ్మిరి.

ఐనచో జాగరూకత వలదా? వలయును. విదేశమందలి ఆప్తుల నడ్డుపెట్టి ఉద్యోగిపై ఒత్తిడి తెచ్చుట అసంభవము కాదు. కనుకనే 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తన నియమావళిలోని 21వ నియమము, విదేశీయుని గాని విదేశీయురాలిని గాని వివాహమాడిన ఉద్యోగి ఆ సంగతిని వెంటనే ప్రభుత్వమునకు తెలుపవలెనని విధించుచున్నది. ఉద్యోగమున చేరునపుడు నింపు ధ్రువీకరణ పత్రమున, విదేశమున చదువుచున్న లేక నివసించుచున్న పిల్లల వివరములు అడుగుదురు. సత్యమును దాచుట అనర్హతయని ఆ పత్రపు శిరస్సుననే హెచ్చరిక యుండును. బంధుత్వము తెలుపుమనుటయే గాని, బంధుత్వము నేరమనుట లేదు.

నేడు అమెరికాలో కొడుకో కోడలో ఉన్న తెలుగు కుటుంబములు అనేకము కలవు. పదోన్నతి చెడునేమోయను భయముతో కుమారుని పౌరసత్వము దాచిన తండ్రి, నిర్దోషమైన బంధమునకు తానే దోషము నంటగట్టినవాడగును. దాచిన రహస్యమే పరులచేతి పగ్గము. వెల్లడించిన దానితో బెదిరింప నెవరితరము?

ఐతే ధర్మము ఉద్యోగికొక్కనికే కాదు. ఫైలు పరిశీలించు అధికారికిని కలదు. ఆ బంధము ఎంత గాఢమైనది, ఆ పదవి ఎంత రహస్యమైనది, ఆ వ్యక్తి ఇంతవరకు ఎట్లు నడచుకొనెను అను మూడింటిని తూచి చూడవలెను. చుట్టరికపు పట్టికను మాత్రమే చూచి తీర్పు చెప్పియుండినచో, సరిహద్దు గిరిజనులకు ఎల్విన్ వంటి ఆప్తుడు లభించియుండెడివాడు కాడు.