బుడమేటి వరదలు - నివారణ ప్రణాళిక

విజయవాడ యనగానే మనకు కృష్ణానది స్ఫురించును. కాని యీ నగరమునకు పెద్దయేటితో పాటు, వెనుకదారిని వచ్చు చిన్నయేటి వలనను ముప్పు కలుగుచున్నది. ఆ చిన్నయేరే బుడమేరు. వేసవిలో దీనిని చూచినవారు ఇంత ప్రమాదకరమైనదని తలంపరు. వానకాలమున దీని తీరు వేరు. విజయవాడ దుఃఖదాయిని యని దీనికి పేరు వచ్చుట ఊరక కాదు.

మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టిన యీ వాగు, నగరపు ఉత్తర శివారులను ఒరసికొని, తూర్పుగా సాగి కొల్లేటిలో కలియును. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రమును చేరవలెను. నగరమునకు ఎగువన వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, వరదనీటిని మళ్లింపు కాలువ ద్వారా, ప్రకాశం బ్యారేజికి పైన, కృష్ణలోనికి త్రిప్పిరి. ఏర్పాటు మంచిదే. కాని కృష్ణ నిండుగా నున్నప్పుడు కాలువనీటిని నది పుచ్చుకొనదు. నీరు వెనుకకు ఎగదన్నును.

2024 ఆగస్టు 31న కుండపోతగా వాన కురిసినది. ఒకవైపు బుడమేరు, మరియొకవైపు కృష్ణ ఉప్పొంగినవి. సెప్టెంబరు 2 నాటికి బ్యారేజి వద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. మళ్లింపు కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడినవి. అజిత్‌సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురము, కండ్రిక నీట మునిగినవి. సైన్యము తోడ్పడినను గండ్లు పూడ్చుటకు దాదాపు వారము దినములు పట్టినది. అంతవరకు జనులు మేడలపై నుండి పాలకును, త్రాగునీటికిని పడవల రాకకై ఎదురుచూచిరి.

వరదను అదుపు చేయుటకు ముందు దానిని కొలువవలెను. 100 చదరపు కిలోమీటర్ల నేలపై 10 సెంటీమీటర్ల వాన కురిసి, అంతయు వాగులోనికి వచ్చినదనుకొందము. అది కోటి ఘనమీటర్ల నీరు. 24 గంటలలో సమముగా దిగినచో వాగున సుమారు 4,000 క్యూసెక్కులు పారును. అదే నీరు 6 గంటలలో దిగినచో 16,000 క్యూసెక్కులు పారును. నీరొకటే, దిగివచ్చు వేగమే భేదము. చెరువులు, పల్లపు పొలములు ఉన్నచోట నీరు నిలిచి నిలిచి వచ్చును. అవి పూడి, ఇండ్లును సిమెంటు రోడ్లును వెలసినచోట పరుగున వచ్చును.

‘నూరేండ్ల వరద’ యను మాట ఇంజనీర్ల నోట వినబడును. అది నూరేండ్లకొకసారి మాత్రమే వచ్చునని యర్థము కాదు. ఏ యేటనైనను వచ్చుటకు నూటికి ఒకపాలు అవకాశము కలదని యర్థము. వాగుగట్టున ముప్పది యేండ్లు కాపురముండు కుటుంబమునకు, ఒకసారియైన దానిని చూచు అవకాశము నూటికి 26 పాళ్లు. ఇది తేలికగా తీసివేయదగిన లెక్క కాదు.

కాబట్టి ప్రణాళిక నాలుగుచోట్ల సాగవలెను. ఎగువన చెరువులను బాగుచేసి నీటిని కొంతసేపు నిలుపవలెను. మళ్లింపు కాలువను వెడల్పు చేసి, కట్టలను గట్టిపరుపవలెను. నగరము చెంత పాతవాగును, వంతెనల క్రింది దారులను విశాలము చేయవలెను. దిగువన కొల్లేటికిని, ఉప్పుటేటికిని అడ్డములు తొలగింపవలెను. ఈ నాలుగింటిలో ఒకటి విడిచినను తక్కినవి నిష్ఫలమగును. నగరమును కాపాడుటకై కొల్లేటి గ్రామములను ముంచినచో అది నివారణ కాదు, కష్టమును బదిలీ చేయుట మాత్రమే.

వాగు వెడల్పు చేయవలెనన్నచో గట్టున నున్నవారి మాటేమి? ఇదియే మిక్కిలి కఠినమైన ప్రశ్న. పనికి చేరువలో, తమ శక్తికి అందు చోటు మరియొకటి దొరకక అక్కడ గోడలెత్తినవారు అనేకులు. వారిని ముందు కదలించి, తరువాత చోటు వెదకుట న్యాయము కాదు, ఫలప్రదమును కాదు. పనిపాటలకు దూరము చేసినచో కొంతకాలమునకు మరల గట్టునకే చేరుదురు. వేరొకచోట ఇల్లు సిద్ధమైన పిదపనే పాత యిల్లు తొలగవలెను. ఈ వ్యయమును కూడ మట్టిపని వ్యయముతో పాటు అంచనాలో మొదటనే చేర్చవలెను.

గృహస్థులమైన మనకును కొంత పని కలదు. వరద తీసిన పిదప గోడపై నిలిచిన నీటిమరకను సున్నము వేయుటకు ముందు కొలిచి, తేదీతో వ్రాసియుంచవలెను. నీరు ఏ దిక్కునుండి, ఏ వేళకు వచ్చినదో కూడ గుర్తుంచుకొనవలెను. సర్వేకు వచ్చినవారికి ఆ వివరములు ఎంతయో విలువైనవి. మురుగు కాలువలలో చెత్త వేయక, ఊరి చెరువును పూడ్చుచున్నప్పుడు ఊరకుండక యుండుట రెండవ పని.

వాన మన చేతిలోనిది కాదు. కాని వాన పడిన పిదప నీరు నడుచు దారి చాలవరకు మన చేతిలోనిదే. ఆ దారిని వానకాలమున గాక వేసవిలోనే సరిచూచుకొనుట మేలు.