ఆంగ్ల వాక్యమున సర్వనామము

ఒకే పేరును పదే పదే చెప్పిన వినువారికి విసుగు పుట్టును. ఆ విసుగును మాన్పుటకే సర్వనామము. అయినను మన పిల్లలు ఆంగ్లము వ్రాయునపుడు రెండు విధముల పొరబడుట మేము చూచుచున్నాము. కొందఱు ప్రతి వాక్యమునను పేరునే తిరిగి వ్రాయుదురు. మఱికొందఱు అంతటను 'హి', 'ఇట్' అని నింపుదురు. రెండవదియే ఎక్కువ హానికరము.

బాపులపాడు, నూజివీడు ప్రాంతములందు మామిడితోటలను వ్యాపారులకు గుత్తకిచ్చుట వాడుక. ఒక తోట యజమాని దూరపు వ్యాపారితో ఆంగ్లమున ఒడంబడిక వ్రాసికొనెననుకొందము. అందు 'ది ఓనర్ టోల్డ్ ది మర్చంట్ దట్ హి మస్ట్ పే ది వాచ్‌మన్' అని యున్నది. కావలివానికి జీతమెవరీయవలెను? 'హి' ఇరువురకును చెల్లును. కాయ కోయు నాటికి తగవు సిద్ధము.

తెలుగున ఈ చిక్కు తక్కువ. 'తాను జీతమీయవలెనని యజమాని వ్యాపారితో చెప్పెను' అనిన యజమానియే ఈయవలెను. 'అతడు' అనిన వ్యాపారి. ఆంగ్లమున 'తాను' వలె అచ్చట కర్తగా నిలుచు మాట లేదు. కావున అట్టిచోట విసుగునకు వెఱవక 'ది మర్చంట్ మస్ట్ పే' అని పేరునే వ్రాయవలెను.

మఱియొక భేదము. తెలుగున 'వచ్చినది' అనిన చాలును, కర్తను విడువవచ్చును. సీత వచ్చినను, బండి వచ్చినను క్రియ యొక్కటే. ఆంగ్లమున సామాన్యముగా కర్తను విడువరాదు. సీతకు 'షి', బండికి 'ఇట్' విధిగా చేర్చవలెను. అట్లని పేరును, సర్వనామమును జంటగా చేర్చి 'మై ఫాదర్ హి కేమ్' అనుటయు తప్పే.

పోల్చునపుడు 'దట్ ఆఫ్' మిక్కిలి ఉపకరించును. 'ది టేస్ట్ ఆఫ్ ది చిన్నరసం ఈజ్ బెటర్ దేన్ దట్ ఆఫ్ ది తోతాపురి' అనిన, రుచి యను మాట రెండవమారు చెప్పనక్కఱ లేదు. 'దట్ ఆఫ్' విడిచినచో రుచిని కాయతో పోల్చినట్లగును. బహువచనమైనచో 'దోజ్ ఆఫ్' అనవలెను.

రేడియో కట్టివేసిన పిదప మీ పిల్లలు వ్రాసిన ఆంగ్లపుట నొకటి తీయుడు. ప్రతి సర్వనామము క్రింద గీత గీయించి, 'ఇది ఎవరిని గూర్చి? దేనిని గూర్చి?' అని అడుగుడు. ఒకే జవాబు వచ్చిన ఉంచుడు. రెండు వచ్చినచో పేరును మరల వ్రాయింపుడు. చదువువారి విసుగు క్షణకాలము. ఒడంబడికలోని సందేహము ఒక కాపు సొమ్మును మ్రింగగలదు.